పాత ఫొటో, పాత బేస్‌బాల్ కార్డు కొనేముందు: అసలుదో నకిలీదో ఎలా తేల్చుకోవాలి?

మీరు డల్లాస్‌లో ఉంటున్నారు. హైదరాబాద్‌లోని ఒక పాత వస్తువుల వ్యాపారి వాట్సాప్‌లో చార్మినార్ ఫొటో పంపి, "రాజా దీన్‌దయాళ్ ఒరిజినల్, 1886 నాటిది" అని 40 వేల రూపాయలు చెబుతున్నాడు. దీన్‌దయాళ్ అంటే నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఫొటో అతికించిన అట్ట మీద 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్' అని అచ్చయి ఉందట, రేపే కొరియర్ చేస్తానంటున్నాడట. మీ ఊళ్లో జరిగిన కార్డ్ షోలో మీ అబ్బాయి ఆనాటి ప్రసిద్ధ ఆటగాడు టై కాబ్ బొమ్మ ఉన్న 1909 నాటి బేస్‌బాల్ కార్డు మీద మనసు పడ్డాడు. దానికి ప్లాస్టిక్ కేసు లేదు, గ్రేడింగ్ (నిపుణుల సంస్థ పరిశీలించి, కార్డు స్థితికి మార్కు వేసి కేసులో పెట్టి ఇవ్వడం) లేదు, 400 డాలర్లకు ఇస్తామంటున్నారు. రెండూ కొనవచ్చా అని మీ ప్రశ్న.

పాత ఫొటోలు, కార్డులు కొనడం, అమ్మడం చాలా ఏళ్లుగా నా పని. ముందు సూటిగా చెబుతాను. కార్డు వదిలేయండి. ఆ కాబ్ కార్డు ఉన్న సెట్‌ను టీ206 అంటారు. టీ206 కాబ్ ఎంత నలిగినా, మూలలు ఎంత అరిగినా ఆ ధరకు దొరకడం కష్టం. అమ్మేవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు. ఫొటో మాత్రం పాతదే అయ్యే అవకాశం ఉంది, కానీ అతను చెబుతున్నంత పాతది కాకపోవచ్చు. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు ఇంకో ఫొటో, ఇంకో కార్డు మీ ముందుకు వస్తాయి.

కొత్తగా కొనేవాళ్లు బొమ్మను చూస్తారు. చార్మినార్ ఉందా, జట్కాలు ఉన్నాయా, ట్రామో కారో లేదు కదా, అయితే పాతదే అనుకుంటారు. బొమ్మను ఎవరైనా కాపీ చేయగలరు. ఇంటర్నెట్‌లో ఉన్న స్కాన్‌ను దించుకుని, మందపాటి కాగితం మీద ప్రింట్ తీసి, టీ నీళ్లలో ముంచితే బొమ్మ వరకు సరిగ్గానే ఉంటుంది. దొంగ చేతికి చిక్కనిది ఆ కాలంలో ఆ వస్తువును తయారు చేసిన పద్ధతి. ఇది దేని మీద ఉంది, ఏ పద్ధతిలో తయారైంది, ఆ పద్ధతి ఆ సంవత్సరంలో వాడుకలో ఉందా? కొనేముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇవే. మిగతా పరీక్షలన్నీ వీటి నుంచి పుట్టేవే.

ముందు ఫొటో సంగతి. 1850లో ఫ్రాన్స్‌లో మొదలై 1890ల దాకా ప్రపంచమంతా ఎక్కువగా వాడింది ఆల్బుమెన్ ప్రింట్. పల్చటి కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన, ఉప్పు కలిపి పూసేవాళ్లు. ఆరాక సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద తేల్చేవాళ్లు. దాన్ని గాజు నెగటివ్‌కు ఆనించి ఎండలో పెడితే బొమ్మ దానంతటదే కనిపించేది. ఈ నాలుగు వాక్యాల్లోనే మీకు కావలసిన గుర్తులన్నీ ఉన్నాయి. కాగితం పల్చన కాబట్టి చుట్టుకుపోతుంది, అందుకే దాదాపు ప్రతి ప్రింటునూ అట్టకు అతికించేవాళ్లు. పూత పల్చన కాబట్టి భూతద్దంలో చూస్తే దాని కిందున్న కాగితం పోగులు కనిపిస్తాయి. గుడ్డుసొన కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశం, తెల్లబట్టలు, గోడల వంటి లేత భాగాలు పసుపు తిరుగుతాయి, నీడలు ఊదా కలిసిన గోధుమ రంగులో ఉంటాయి. సన్నటి పగుళ్లు కూడా ఉంటాయి. నెగటివ్‌కు ఆనించి తీసినది కాబట్టి అందులో పెద్దది చేయడమంటూ లేదు. పది రెట్లు పెంచి చూసినా దూరంలో ఉన్న దుకాణం తలుపు గడియ దాకా పదునుగా కనిపిస్తుంది.

నగలు చూసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల లూప్ ఒకటి కొనండి. అసలు ఫొటోలో రంగు ముదురు నుంచి లేతకు ఎక్కడా తెగకుండా సాగుతుంది, చుక్కలు ఉండవు. వరసగా, క్రమంగా చుక్కలు కనిపిస్తే అది పుస్తకంలోనో పోస్ట్‌కార్డులోనో అచ్చయిన హాఫ్‌టోన్ బొమ్మ. ఇసుక చల్లినట్టు చెల్లాచెదురుగా రంగు రంగుల చుక్కలుంటే ఇంక్‌జెట్ ప్రింటర్. ముఖ్యంగా నలుపు-తెలుపు ఫొటోలో నీలి, గులాబీ, పసుపు చుక్కలు కనిపించాయంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. చవకరకం నకిలీల్లో చాలా భాగం ఈ ఒక్క చూపుతోనే బయటపడతాయి.

చుక్కలు లేకపోతే మాత్రం పని అయిపోలేదు. అసలు ఫొటోనే మళ్లీ కెమెరాతో ఫొటో తీసి, నిజమైన ఫొటో కాగితం మీద ప్రింట్ వేసినవి బజారులో బోలెడు తిరుగుతున్నాయి. వీటిని పట్టుకోవడానికి నేను మొదట చేసే పని ఇది. గదిలో లైట్లు ఆర్పి, టార్చ్‌ను ఫొటోకు పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించినట్టు పెట్టి వెలిగిస్తాను. బొమ్మలో మడత గీత కనిపిస్తోందనుకోండి. నిజమైన మడత అయితే ఆ వెలుగులో ఉపరితలం మీద గట్టులాగా లేచి నీడ పడుతుంది. కాపీలో బొమ్మలో గీత ఉంటుంది, చేతికీ వెలుగుకీ కాగితం నున్నగా ఉంటుంది. మడత అసలు ప్రింటుది, దాన్ని కూడా కెమెరా ఫొటో తీసేసింది. చిరుగులు, పురుగు తిన్న చిల్లులు, మరకలు అన్నీ ఇలాగే పట్టిస్తాయి. చిల్లు కనిపిస్తోంది, కానీ కాగితానికి చిల్లు లేదంటే వెనక్కి ఇచ్చేయండి.

దీన్‌దయాళ్ ప్రింట్లలో ఇంకో మంచి గుర్తు ఉంది. చాలావాటికి కింది అంచున నంబరు, ఫొటో పేరు తెల్లటి అక్షరాల్లో ఉంటాయి. నెగటివ్ మీద సిరాతో రాసినవి అవి. సిరా వెలుగును ఆపుతుంది కాబట్టి ప్రింటులో తెల్లగా వస్తాయి. అసలు ప్రింటులో లూప్ పెడితే కలం ఎక్కడ ఒత్తింది, ఎక్కడ తేలిపోయింది కూడా తెలుస్తుంది. కాపీలో ఆ అక్షరాల అంచులు మెత్తబడి, చుట్టూ ఉన్న బూడిద రంగులోకి కరిగిపోతాయి. మీ వ్యాపారిని ఆ నంబరు ఉన్నచోట దగ్గరగా ఫొటో తీసి పంపమనండి.

ఇక తేదీ. దీన్‌దయాళ్ 1844లో పుట్టారు, 1905లో పోయారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ఉద్యోగం చేసి, 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 'రాజా' బిరుదు నిజాం ఇచ్చింది 1894లో. విక్టోరియా రాణి నుంచి రాజముద్ర వాడుకునే అనుమతి వచ్చింది 1897లో. మీ వ్యాపారి పంపిన ఫొటో కింద అట్ట మీద 'రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్' అని అచ్చయి ఉందని రాశారు కదా, అయితే ఆ అట్ట 1886 నాటిది అయ్యే వీల్లేదు. ఫొటో తీసింది 1886లోనే కావచ్చు, ప్రింటు తీసి అట్టకు అతికించింది 1894 తర్వాత. ఇది మోసం అనలేం. స్టూడియోలు తమ పాత నెగటివ్‌ల నుంచి అడిగినవాళ్లకు ఏళ్ల తరబడి ప్రింట్లు వేసి ఇచ్చేవి. కానీ ధర చెప్పేటప్పుడు ఫొటో తీసిన తేదీని ప్రింటు తేదీగా చెప్పడం పాత వస్తువుల బజారులో అన్నిటికంటే మామూలుగా జరిగే పని.

అమెరికాలో స్పోర్ట్స్ ఫొటోలు కొనేవాళ్లు ఈ తేడాను నాలుగు రకాలుగా విడదీశారు. అసలు నెగటివ్ నుంచి, తీసిన సుమారు రెండేళ్లలోపు వేసిన ప్రింటు టైప్ 1. అదే నెగటివ్ నుంచి రెండేళ్లు దాటాక వేసినది టైప్ 2. కాపీ నెగటివ్ (ప్రింటునే మళ్లీ ఫొటో తీసి చేసిన నెగటివ్) నుంచి, కానీ ఆ రోజుల్లోనే వేసినది టైప్ 3. కాపీ నెగటివ్ నుంచి ఆ తర్వాతెప్పుడో వేసినది టైప్ 4. కార్డులకు గ్రేడింగ్ ఇచ్చే పీఎస్‌ఏ సంస్థ ఫొటోలను ఈ పేర్లతోనే ధ్రువీకరిస్తుంది. ఒకే బొమ్మ టైప్ 1 అయితే ఒక ధర, టైప్ 4 అయితే అందులో చిన్న ముక్క. హైదరాబాద్ ఫొటోలకు ఎవరూ ఈ పేర్లు వాడరు, కానీ మీరు బేరమాడేటప్పుడు మనసులో ఇదే లెక్క వేసుకోండి.

1890ల నుంచి ఆల్బుమెన్ స్థానంలో జెలటిన్ కాగితాలు వచ్చాయి. వీటిలో కాగితానికీ బొమ్మకూ మధ్య బెరైటా అనే తెల్లటి పూత ఉండటం వల్ల పోగులు కనిపించవు. పాతబడ్డ జెలటిన్ ప్రింటును వెలుగులో అటూ ఇటూ వంచితే, అంచుల దగ్గర నల్లటి భాగాల మీద నీలిరంగు లోహపు మెరుపు తేలుతుంది. వెండి పైకి వచ్చిందని మేం అంటాం. అది మంచి గుర్తే, దశాబ్దాల వయసు లేకుండా సాధారణంగా రాదు. కానీ "1886 ఆల్బుమెన్" అని చెప్పిన ఫొటోలో ఆ మెరుపు, పోగులు కనిపించని నున్నదనం రెండూ ఉంటే అతను చెబుతున్నది తప్పు. వెనకవైపు ప్లాస్టిక్ లాగా జారుతూ ఉంటే అది రెజిన్ పూసిన కాగితం, 1970 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చినది.

అల్ట్రావయొలెట్ టార్చ్ కూడా ఒకటి కొనండి, నోట్లు చూసేదైనా చాలు. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు ఫొటో కాగితాల్లోకి వచ్చింది 1950ల ప్రాంతంలో. చీకట్లో ఆ టార్చ్ వేస్తే అలాంటి కాగితం నీలం కలిసిన తెలుపులో వెలుగుతుంది. పక్కన మామూలు ఆఫీసు కాగితం పెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక. అమెరికాలో బాలకార్మికుల ఫొటోలతో పేరుపొందిన లూయీస్ హైన్ 1940లో చనిపోయాడు. ఆయన స్వయంగా వేసినవని అమ్ముడైన కొన్ని ప్రింట్లు ఈ రసాయనం ఉన్న కాగితం మీద ఉన్నాయని 1990ల చివర్లో తేలింది. గ్యాలరీలు, నిపుణులు చూసి సరేనన్న ప్రింట్లు అవి. అయితే ఒక జాగ్రత్త. వెలిగితే కొత్తదని చెప్పవచ్చు, వెలగకపోతే పాతదని చెప్పలేం. ఈ రసాయనం లేని కాగితం ఇప్పటికీ దొరుకుతుంది. అంతేకాదు, ఆల్బుమెన్ ప్రింట్లను పాత పద్ధతిలోనే ఇప్పుడూ తయారుచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లలో చాలామంది తమ పనిని ప్రేమతో, నిజాయితీగా చేస్తారు, వెనక సంతకం పెట్టి తేదీ వేస్తారు. ఆ తర్వాత చేతులు మారినప్పుడే సమస్య.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే రకం గురించి చెప్పాలి. ఫొటో అసలుదే, వయసు అసలుదే, పేరు మాత్రం అబద్ధం. తలపాగా, నగలు ఉన్న ప్రతి మనిషీ నిజాం అయిపోతాడు. సంస్థానం ఆల్బమ్‌లో ఉన్న ప్రతి ఫొటో దీన్‌దయాళ్‌ది అయిపోతుంది. నిజానికి అదే రోజుల్లో ఊరూరా వేరే స్టూడియోలూ ఉన్నాయి, వాటి పేర్లు ఇలా చెరిగిపోతున్నాయి. అమెరికాలో దీనికి పాతకాలపు పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్ మంచి ఉదాహరణ. అందరూ ఒప్పుకునే అతని ఒకే ఒక్క టిన్‌టైప్ (పల్చటి ఇనుప రేకు మీద తీసిన ఫొటో) 2011లో డెన్వర్‌లో 23 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కాలిఫోర్నియాలో 2010లో రెండు డాలర్లకు కొన్న ఒక టిన్‌టైప్‌లో క్రోకే (కర్రసుత్తితో బంతిని కొట్టే ఆట) ఆడుతున్నది అతనేనని, దాని విలువ 50 లక్షల డాలర్లని 2015లో ప్రకటించారు. ఈనాటికీ చాలామంది పరిశోధకులు ఒప్పుకోవడం లేదు. ఆ టిన్‌టైప్ పాతదే, గొడవంతా అందులో ఉన్నది ఎవరన్న దాని మీదే. ముఖం పోలిక ఆధారం కాదు, కంప్యూటర్‌తో పోల్చినా సరే. ఎవరింట్లో నుంచి వచ్చింది, వెనక ఏం రాసి ఉంది, ఆ చేతిరాత ఎప్పటిది, ఇదే నెగటివ్ నుంచి వచ్చిన మరో ప్రింటు ఎక్కడైనా ఉందా అన్నవే ఆధారాలు. దీన్‌దయాళ్ స్టూడియో గాజు నెగటివ్‌లు పెద్ద సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఫొటో మీద నంబరు ఉంటే పోల్చి చూసే దారి ఉందన్నమాట.

ఇక బేస్‌బాల్ కార్డు. టీ206 అనేది 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన కార్డుల సెట్. చాలా చిన్నవి, 1 7/16 అంగుళాల వెడల్పు, 2 5/8 అంగుళాల పొడవు. వెనక సిగరెట్ బ్రాండ్ ప్రకటన ఉంటుంది, పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ వంటివి. ఈ సెట్‌లోని హోనస్ వాగ్నర్ కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. టై కాబ్‌వి ఈ సెట్‌లో నాలుగు బొమ్మలున్నాయి, వాటికీ బోలెడు గిరాకీ. గిరాకీ ఉన్నచోటే రీప్రింట్లు.

వీటిని లిథోగ్రఫీలో, అంటే రాతి పలకల మీద నుంచి అచ్చువేసే పద్ధతిలో, ఒక్కో రంగునూ విడిగా, ఒకదాని మీద ఒకటి అచ్చువేశారు. కాబట్టి కింద ఉన్న ఆటగాడి పేరు, ఊరు ఒకే గోధుమరంగు సిరాతో పడ్డాయి. లూప్‌తో ముఖం చూడకండి. ముఖంలో చుక్కలు అసలు కార్డులోనూ ఉంటాయి, కొత్తవాళ్లు అక్కడే తికమకపడతారు. పేరులోని అక్షరాలు చూడండి. అసలు కార్డులో అక్షరం గీసినట్టు నిండుగా, ఒకే రంగుగా ఉంటుంది. బొమ్మ చుట్టూ ఉన్న సన్నటి గీత కూడా అంతే. రీప్రింట్‌లో ఆ అక్షరమే ఎరుపు, నీలం, పసుపు, నలుపు చుక్కలు కలిసి తయారవుతుంది, అంచులు నలిగినట్టుంటాయి. మొత్తం కార్డును స్కాన్ చేసి నాలుగు రంగుల్లో అచ్చువేస్తే అంతకంటే వేరేగా రాదు. 1986లో ఫ్లీర్ కంపెనీ వేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డు నకిలీల్లో చాలావాటినీ ఇదే చూపుతో పట్టవచ్చు. మీ అబ్బాయి ఎలాగూ రేపు అది అడుగుతాడు.

కార్డు వెనకవైపు వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. నిజాయితీగా అమ్మే రీప్రింట్ల మీద 'రీప్రింట్' అని అచ్చు వేస్తారు. దాన్ని గీకేసి అమ్మేవాళ్లున్నారు, గీకిన చోట అట్ట పల్చబడి వెలుగు ఎక్కువ దూరుతుంది. అరుగుదల కూడా చూడండి. జేబుల్లో, పుస్తకాల్లో పడి వందేళ్లు తిరిగిన కార్డుకు నాలుగు మూలలూ నాలుగు రకాలుగా అరుగుతాయి, పొరలు విడిపోయి మెత్తటి పోగులు లేస్తాయి. గరుకు కాగితంతో రుద్దిన కార్డుకు నాలుగు మూలలూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. టీ నీళ్లలో ముంచినది ముందూ వెనకా, అంచూ మధ్యా ఒకే రంగులో ఉంటుంది.

ఇవన్నీ చదివితే రావు, చేతితో పట్టుకుంటేనే వస్తాయి. అందుకే మీకు నేనిచ్చే అసలు సలహా ఇది. అదే టీ206 సెట్‌లో ఎవరికీ అంతగా తెలియని ఆటగాడి కార్డు, బాగా నలిగినది, పేరున్న డీలర్ దగ్గర కొనండి. కొన్ని పదుల డాలర్లలో వస్తుంది. మీ అబ్బాయితో కలిసి లూప్ కింద దాని అక్షరాలు, అట్ట రంగు, అంచులు గంటసేపు చూడండి. ఆ తర్వాత కార్డ్ షోకి వెళ్లి కాబ్ కార్డు పక్కన పెట్టి చూడండి. పదమూడేళ్ల పిల్లవాడైనా తేడా చెప్పేస్తాడు. ఫొటోలకూ ఇదే. 1870ల నాటి ఊరూపేరూ లేని ఆల్బుమెన్ ఫొటో ఒకటి చవగ్గా కొని దగ్గర పెట్టుకోండి.

అసలు కార్డును పాడుచేసి పెంచేవాళ్లు మరో రకం. అంచులు కత్తిరించి పదును చేస్తారు, రంగు పోయిన చోట పూస్తారు. అందరికంటే ప్రసిద్ధమైన వాగ్నర్ కార్డు, 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్‌కీ భాగస్వామిగా 4,51,000 డాలర్లకు కొన్నది, పీఎస్‌ఏ 8 గ్రేడు పొందినది, అంచులు కత్తిరించిన కార్డు. కత్తిరించింది తానేనని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. గ్రేడింగ్ కేసు ఉందంటే ఇక చూడక్కర్లేదు అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను. అయినా కేసు లేని కాబ్ కంటే కేసు ఉన్న కాబ్ మీకు చాలా మేలు. కేసు మీది నంబరును గ్రేడింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోలో మరక, మడత మీ చేతిలోని కార్డుతో కలుస్తున్నాయా చూడండి. నంబరు కలిస్తే చాలదు. అసలు కార్డు నంబరునే నకిలీ కేసు మీద వేసి అమ్ముతున్నారు.

డబ్బు ఎలా కట్టాలన్నది కూడా ఇందులో భాగమే. పేపాల్‌లో 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ'లో పంపమన్నవాడి దగ్గర కొనకండి, వస్తువు నకిలీ అయితే ఆ దారిలో డబ్బు వెనక్కి రాదు. వెనక్కి తీసుకుంటానని రాసి ఇమ్మనండి. "మా తాతగారి పెట్టెలో దొరికింది" అన్న మాటకు రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

హైదరాబాద్ ఫొటో విషయంలో ఇంకో చిక్కుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఇది పురావస్తువు కాదు అని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ సర్టిఫికెట్ ఇస్తేనే బయటికి పంపవచ్చు. మీ వ్యాపారి "రేపే కొరియర్ చేస్తా" అంటున్నాడంటే రెంటిలో ఒకటి. ఫొటో నిజంగా అంత పాతదైతే మిమ్మల్ని ఇబ్బందుల్లో పెడుతున్నాడు. లేదంటే, అది అంత పాతది కాదని అతనికి తెలుసు. కాబట్టి కొరియర్ వద్దనండి. మీవాళ్లెవరైనా హైదరాబాద్‌లో ఉంటే లూప్, రెండు టార్చ్‌లు ఇచ్చి దుకాణానికి పంపండి. బాగుంటే అక్కడే కొని, వాళ్ల ఇంట్లోనే ఉంచమనండి. పక్కనుంచి టార్చ్ వేసి ఒకటి, అల్ట్రావయొలెట్‌లో ఒకటి, నంబరు దగ్గర ఒకటి, అట్ట వెనకవైపు ఒకటి, నాలుగు ఫొటోలు తీయించి నాకు చూపించండి. 40 వేలు ఇవ్వొచ్చో లేదో అప్పుడు గట్టిగా చెబుతాను.